బియ్యం డబ్బా నిండుగానే ఉంది, పెద్దావిడ ఎందుకు చిక్కిపోతోంది?

ఆ ఇంట్లో బియ్యానికి లోటు లేదు. నెలనెలా కోటా వస్తుంది, పింఛనూ అందుతుంది. పట్నంలో ఉన్న కొడుకు వారం వారం ఫోన్ చేసి "అమ్మా, తిన్నావా?" అని అడుగుతాడు. "తిన్నాను నాయనా" అంటుంది ఆవిడ. సంక్రాంతికి వచ్చిన కూతురు మాత్రం తల్లి జాకెట్టు భుజం మీంచి జారిపోతుండడం చూసి నివ్వెరపోతుంది. ఆరా తీస్తే విషయం తెలుస్తుంది. మోకాళ్ల నొప్పులతో పొయ్యి దగ్గర నిలబడలేక రోజుకు ఒక్కసారే వండుతోంది. కూర తరిగే ఓపిక లేక ఊరగాయతోనే కానిస్తోంది. రాత్రి మజ్జిగ తాగి పడుకుంటోంది.

ఇలాంటి ఇల్లు ఏ ఊళ్లోనైనా నాలుగు వీధులు తిరిగితే కనిపిస్తుంది. తిండికి భరోసా లేకపోవడం అనగానే అందరికీ ఖాళీ గిన్నె గుర్తొస్తుంది, పేదరికం గుర్తొస్తుంది. పెద్దవాళ్ల విషయంలో అది సగం మాటే. గింజలు ఇంట్లో ఉండి కూడా ముద్ద నోటిదాకా రాకపోవడం మిగతా సగం. కాళ్లూ చేతులూ సహకరించని మనిషికి అంగడి నుంచి కంచం దాకా ఉన్న దారి చాలా పొడవు.

ఇది రెండు వైపుల నుంచీ నడిచే వ్యవహారం. తిండి తగ్గితే కండ కరుగుతుంది. కండ కరిగితే లేవడం, నడవడం, మెట్లెక్కడం కష్టమవుతాయి. తూలి పడతారు. తుంటి ఎముక విరిగితే మంచానికే పరిమితమవుతారు. మంచం పట్టాక తెచ్చుకోవడం, వండుకోవడం మరీ దుర్లభం, తిండి ఇంకా తగ్గుతుంది. అటు వైకల్యం తిండిని తగ్గిస్తుంటే, ఇటు తగ్గిన తిండి వైకల్యాన్ని పెంచుతుంది.

ఎంతమంది సంగతి ఇది? మన దేశంలో 2017-18లో 45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా జనాన్ని కలిసి వృద్ధాప్యంపై పెద్ద సర్వే చేశారు. దాన్ని లాసీ అంటారు. అరవై దాటిన వాళ్లలో దాదాపు 24 శాతం మందికి స్నానం, బట్టలు కట్టుకోవడం, తినడం, మంచం దిగడం లాంటి పనుల్లో కనీసం ఒకదానికి ఇబ్బంది ఉంది. వంట, సరుకులు తేవడం, డబ్బు లెక్క చూసుకోవడం లాంటి పనుల్లో ఇబ్బంది ఉన్నవాళ్లు దాదాపు 48 శాతం. అంటే ఇద్దరిలో ఒకరు. ఆ వయసువాళ్లలో నాలుగో వంతుకు పైగా ఉండాల్సిన బరువు కన్నా తక్కువున్నారని కూడా అదే సర్వే తేల్చింది.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఇలాంటి పెద్దవారు ఉంటే ఏం చేయాలి? చేయగలిగింది చాలానే ఉంది. అందులో చాలా పనులకు పెద్ద ఖర్చు కూడా లేదు.

1. "తిన్నావా?" అని అడగడం మానేయండి

ఆ ప్రశ్నకు పెద్దవాళ్ల దగ్గర ఒక్కటే జవాబు ఉంటుంది. పిల్లలు కంగారు పడతారనో, భారమవుతామనో, అడిగి తినడం నామోషీ అనో, తిన్నామనే చెబుతారు. అందుకని ప్రశ్న మార్చండి. "ఇవాళ ఏం కూర వండావు? నిన్న రాత్రి ఏం తిన్నావు? పాలు తెచ్చుకున్నావా? కూరగాయలు ఎవరు తెచ్చారు?" ఇలా అడిగితే మాటల్లో నిజం బయటపడుతుంది. మూడు రోజులు వరసగా "పచ్చడేసుకున్నా" అన్న జవాబు వస్తే అనుమానించాల్సిందే.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆహార అభద్రతను కొలవడానికి ఎనిమిది ప్రశ్నలు వాడుతుంది. తిండి దొరకదేమోనని దిగులు పడ్డారా, రకరకాలుగా తినలేకపోయారా, పూట మానేశారా, ఆకలేసినా తినలేదా, ఇలా సాగుతాయి. అవన్నీ డబ్బు లేకనో మరే వనరూ లేకనో కలిగే ఇబ్బంది గురించి అడిగేవి. పెద్దవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఇంకొకటి తప్పకుండా చేర్చుకోవాలి: "ఇంట్లో ఉండి కూడా, చేసుకోలేక తినకుండా పడుకున్న రోజులున్నాయా?"

2. ఎక్కడ తెగుతోందో చూడండి

తేవడం, మోయడం, వండడం, వడ్డించుకోవడం, నమలడం, మింగడం. ఇందులో ఏ మెట్టు దగ్గర ఆగిపోతోందో తెలియకుండా సాయం చేయబోతే అది వృథా అవుతుంది. పళ్లు లేని తాతకు అరడజను యాపిల్ పళ్లు, చేతులు వణికే మామ్మకు పాతిక కిలోల బియ్యం బస్తా తెచ్చిపెట్టే పిల్లలు ఎంతమంది లేరు? ప్రేమకు లోటు లేదు, చూపుకే లోటు.

ఒక పూట వాళ్లింట్లో ఊరికే కూర్చోండి. సాయం చేయకుండా గమనించండి. పప్పు డబ్బా పై అరలో ఉందా? కుక్కరు మూత తీయగలుగుతున్నారా? వేడి గిన్నె దించేటప్పుడు చెయ్యి వణుకుతోందా? అన్నం తింటుంటే దగ్గు వస్తోందా? గంటలో తెలిసేది ఏడాది ఫోన్లలో తెలియదు.

ఇక్కడ చాలామంది కనిపెట్టలేని సంగతి ఒకటుంది. మరుగుదొడ్డి దూరంగా ఉంటేనో, కింద కూర్చుని లేవలేకపోతేనో, పెద్దవాళ్లు కావాలనే తిండీ నీళ్లూ తగ్గించేస్తారు. రాత్రి లేవాల్సి వస్తుందని సాయంత్రం నుంచే నోరు కట్టేసుకుంటారు. ఎవరికీ చెప్పరు, చెప్పడానికి సిగ్గు. "ఆకలి లేదమ్మా" అంటారంతే. అలాంటి ఇంట్లో టానిక్కు సీసాలు ఎన్ని కొన్నా లాభముండదు. మంచం పక్కన పెట్టుకునే కమోడ్ కుర్చీ, గోడకు పట్టుకునే కడ్డీ, రాత్రంతా వెలిగే చిన్న బల్బు, ఈ మూడూ ఆకలిని వెనక్కి తెస్తాయి.

3. బరువు చూడండి, కుర్చీలోంచి లేవమనండి

నెలకోసారి ఒకే తూకం మీద బరువు చూసి క్యాలెండర్ మీద రాసిపెట్టండి. ఏ ప్రయత్నమూ లేకుండా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు బరువులో ఐదు శాతం తగ్గితే డాక్టరుకు చూపించాలి. యాభై కిలోల మనిషికి అది రెండున్నర కిలోలు. తూకం లేకపోతే ఉంగరం, గాజులు, జాకెట్టు, నడుం దగ్గర పంచె ముడి చెబుతాయి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలుగుతున్నారో లేదో చూడండి. పోయినేడాది లేచినవారు ఇప్పుడు లేవలేకపోతుంటే తొడల్లో కండ తగ్గిందన్నమాట. "వయసైపోయింది కదా, చిక్కిపోరా మరి" అని సరిపెట్టుకోవడం మన ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు. వయసుతో కొంత కండ పోతుంది నిజమే. జాకెట్లు జారిపోయేంతగా చిక్కిపోవడానికి మాత్రం వేరే కారణం వెతకాలి.

4. బియ్యంతో పాటు ఇంకేం ఉందో లెక్క వేయండి

ఆహార భద్రతా చట్టం 2013లో వచ్చింది. దాని ప్రకారం మనిషికి నెలకు ఐదు కిలోల ధాన్యం, అంత్యోదయ కార్డున్న కుటుంబానికి 35 కిలోలు. తెలంగాణలో మనిషికి ఆరు కిలోలు, 2025 ఉగాది నుంచి సన్నబియ్యం. చాలామంది ముసలివాళ్లను నిలబెడుతున్నది ఈ బియ్యమే, సందేహం లేదు.

కానీ లెక్క చూడండి. నెలకు ఐదు కిలోలంటే రోజుకు సుమారు 165 గ్రాములు. దాన్నుంచి 590 కేలరీల దాకా శక్తి, పదమూడు గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్కలో పెద్దవాళ్లకు ఒంటి బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. వయసు మళ్లినవారికి కిలోకు ఒక గ్రాము, వీలైతే కాస్త ఎక్కువే ఉండాలని వృద్ధాప్య వైద్యులు అంటారు. యాభై కిలోల మనిషికి నలభై రెండు గ్రాములు అనుకుంటే ఇంకా దాదాపు ముప్ఫై గ్రాములు వేరే చోటు నుంచి రావాలి.

ఎక్కడి నుంచి? ఒక గుడ్డులో ఆరు గ్రాములు. యాభై గ్రాముల కందిపప్పులో పదకొండు. గ్లాసు పాలలో ఆరు. పాతిక గ్రాముల వేరుశనగల్లో మరో ఆరు. లెక్క సరిపోయింది. ఖరీదైన డబ్బా పొడులు అక్కర్లేదు. నమలలేకపోతే వేరుశనగలు వేయించి పొడి కొట్టి అన్నంలో కలపండి, గుడ్డు ఉడికించి పప్పులో చిదమండి, పప్పు మెత్తగా ఉడికించి నెయ్యి చుక్క వేయండి. రాగిజావలో పాలు పోస్తే సున్నం కూడా అందుతుంది. గుడ్డు తినని ఇళ్లలో పెరుగు, పెసరపప్పు పెంచుకోవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ఈ లెక్క వర్తించదు, డాక్టరు చెప్పినంతే పెట్టాలి.

షుగరు ఉందని భయపెట్టి అన్నం మాన్పించి, రాత్రి రెండు ఎండు చపాతీలతో సరిపెట్టే ఇళ్లు ఎన్నో. ఆ చపాతీ నమలలేక సగం కుక్కకు వేసే తాతలూ ఉన్నారు. మాన్పించినదాని బదులు ఏం పెడుతున్నారు? ఆ ప్రశ్నకు జవాబు లేకపోతే పథ్యం పేరుతో పస్తు పెడుతున్నట్టే. పక్షవాతం వచ్చినవారు నీళ్లు తాగితే పొలమారుతుంటే అది మింగుడు సమస్య. బలవంతంగా తినిపించకుండా ఆస్పత్రిలో చూపించాలి.

5. కోటా సరుకు ఇంటికి చేరే దారి సరిచేయండి

ఎన్ని పథకాలున్నా డిపో దాకా వెళ్లలేని మనిషికి అవి దక్కడం కష్టం. వెళ్లినా వేలిముద్ర పడదు. కూలికీ, అంట్లకీ, నేత పనికీ అరిగిపోయిన వేళ్ల గీతల్ని యంత్రం గుర్తుపట్టదు. "రేపు రా అవ్వా" అంటారు. కర్ర పట్టుకుని రెండోసారి ఎన్నాళ్లు వస్తుంది?

వేలిముద్ర పడకపోతే కంటిపాప ముద్ర తీసుకోమని అడగండి. ఇంట్లోవాళ్లు ఎవరూ రాలేని పరిస్థితి ఉంటే తరఫున తీసుకునే మనిషిని నమోదు చేయించే వీలుందేమో డీలరునూ, పౌరసరఫరాల అధికారినీ అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జూన్ నుంచి ఇంటింటి రేషన్ బళ్లు ఆపి డిపోల్లో సరుకులు ఇస్తున్నారు. 65 ఏళ్లు దాటినవారికీ దివ్యాంగులకూ మాత్రం ఇంటికే తెచ్చివ్వాలని నిర్ణయించారు. మీ వీధిలో అది జరుగుతోందా? జరగకపోతే సచివాలయంలో అడగడం మీ హక్కు. తమిళనాడు కూడా 2025 ఆగస్టులో ఇలాంటి పథకమే మొదలుపెట్టింది.

ఐదు రూపాయల భోజనం మంచి పని. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టులో అన్న క్యాంటీన్లు మళ్లీ తెరుచుకున్నాయి, హైదరాబాద్‌లో 2014 నుంచి ఐదు రూపాయలకే భోజనం పెడుతున్నారు. అయితే ఆ వరసలో నిలబడగలిగేది కాళ్లున్నవారే. రెండో అంతస్తులో మెట్లు దిగలేని మనిషికి ఆ ప్లేటు అందదు. పథకం ఎంతమందికి వడ్డించిందన్నదొక్కటే చూస్తే చాలదు, రాలేనివాళ్లలో ఎంతమంది దాకా వెళ్లిందన్నదే అసలు కొలత. వీధిలో ఒక కుర్రాడు ఇద్దరు పెద్దవాళ్లకు క్యారేజీ తెచ్చిపెట్టినా ఆ లోటు కొంత తీరుతుంది.

6. ఏ పింఛను వస్తోందో చూడండి

ఇది చాలామంది వదిలేసుకుంటున్న డబ్బు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు, దివ్యాంగుల పింఛను 6,000. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన తీవ్ర వైకల్యం ఉన్నవారికి 15,000. తెలంగాణలో ఆసరా కింద వృద్ధులకు 2,016, దివ్యాంగులకు 4,016. పక్షవాతంతో ఒక పక్క పడిపోయిన అరవై ఎనిమిదేళ్ల మనిషి ఇంకా వృద్ధాప్య పింఛనే తీసుకుంటున్నాడంటే ప్రతి నెలా రెండు వేలు పోగొట్టుకుంటున్నాడు. ఆ రెండు వేలు నెలంతా గుడ్లూ పాలూ పప్పూ.

దివ్యాంగుల పింఛనుకు సదరం సర్టిఫికెట్ కావాలి. కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు వైద్యులు తేల్చాలి. ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, "ముసలితనంలో వచ్చింది కదా, దానికి సర్టిఫికెట్ ఇస్తారా?" అని దరఖాస్తే పెట్టరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చూపు తగ్గడం, వినికిడి పోవడం, పార్కిన్సన్స్ జబ్బు కూడా అందులో ఉన్నాయి. అరవై దాటాక వచ్చిందని తోసిపుచ్చే నిబంధన ఏదీ లేదు.

పింఛను వచ్చిన రోజునే సగం మందుల షాపుకు పోతుంటే అదీ ఆలోచించాలి. బీపీ, షుగరు మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. మిగతావి జన ఔషధి దుకాణాల్లో తక్కువకు దొరుకుతాయి. మందుకీ మెతుకుకీ మధ్య ఒకటి ఎంచుకోవాల్సి వచ్చిన ముసలివాళ్లు ఎక్కువసార్లు మందునే ఎంచుకుంటారు, పరగడుపున మాత్రలు మింగి కళ్లు తిరిగి పడతారు.

7. వంటగదిని మనిషికి తగ్గట్టు మార్చండి

వంట మానేయించడం కన్నా వంట తేలిక చేయడం మేలు. తమ చేత్తో తాము వండుకుని తినే పెద్దవాళ్లకు రుచీ ఉంటుంది, ఒంటికి కాస్త కదలికా ఉంటుంది. స్టవ్ పక్కన ఎత్తైన స్టూలు వేయండి, కూర్చుని వండుకుంటారు. రోజూ వాడే డబ్బాలు నడుం ఎత్తులోకి దించండి. బియ్యం రెండేసి కిలోల చొప్పున చిన్న డబ్బాల్లో పోయండి. పెద్ద కుక్కరు తీసేసి రెండు చెవులున్న చిన్న గిన్నె ఇవ్వండి. పట్టు జారే చేతికి చెంచా పిడి చుట్టూ గుడ్డ చుట్టి దారం కట్టండి. వారానికి ఒకరోజు ఎవరైనా వచ్చి కూరగాయలు తరిగి, అల్లం వెల్లుల్లి నూరి, పప్పుల పొడి కొట్టి వెళ్తే నాలుగు రోజులు గడిచిపోతాయి.

భార్య పోయిన మగవాళ్ల సంగతి వేరే చెప్పాలి. జన్మలో గరిటె పట్టని మనిషి డెబ్బై ఏళ్లకు ఒంటరైతే, వంట రాకపోవడమే ఆయనకు వైకల్యం. పప్పు, కోడిగుడ్డు పొరటు, ఉప్మా, మజ్జిగచారు, ఈ నాలుగూ నేర్పితే చాలు. సిగ్గుపడతారు, మొదట్లో మాడుస్తారు. నేర్చుకుంటారు. కోడలు వడ్డించిందే తినాలని కూర్చుంటే కోడలు ఊరెళ్లిన రోజున పస్తే.

8. చేతికర్రా, కట్టుడు పళ్లూ ఊరికే వస్తాయి

దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న అరవై దాటినవారికి ఉచితంగా కర్ర, వాకర్, చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం, కళ్లద్దాలు, కట్టుడు పళ్లు ఇచ్చే కేంద్ర పథకం ఒకటుంది. పేరు రాష్ట్రీయ వయోశ్రీ. అది మొదలైంది మన నెల్లూరులోనే, 2017 ఏప్రిల్ 1న. కట్టుడు పళ్లను అందరూ అందం సంగతి అనుకుంటారు. నిజానికి అవి వేరుశనగకీ, మాంసానికీ, పచ్చి కూరముక్కకీ తిరిగి తలుపు తెరుస్తాయి. కళ్లద్దాలు పెట్టుకున్నాక స్టవ్ మంట కనిపించి మళ్లీ వంట మొదలుపెట్టే పెద్దావిడలున్నారు.

పిల్లలు ఉండి కూడా పట్టించుకోని ఇళ్లకు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఉంది. ఆర్డీవో దగ్గరున్న ట్రైబ్యునల్లో దరఖాస్తు పెడితే నెలకు పది వేల దాకా పోషణ ఖర్చు ఇప్పించగలరు. అక్కడిదాకా రాకుండా చూసుకోవడమే అందరికీ మంచిది, కానీ వస్తే వెనకాడాల్సిన పని లేదు.

9. పక్కన కూర్చుని తినండి

ఒంటరిగా తినేవాళ్లు తక్కువ తింటారు. కబుర్లు చెబుతూ తింటే ఇంకో ముద్ద లోపలికి పోతుంది. రోజూ కుదరకపోతే వారానికి రెండు పూటలు మీ కంచం పట్టుకుని వాళ్ల అరుగు మీదికి వెళ్లండి. మీరు పెట్టేది దానంలా కాకుండా పంచుకోవడంలా ఉండాలి. "కొంచెం రుచి చూసి ఉప్పు సరిపోయిందో లేదో చెప్పు పిన్నీ" అంటే తీసుకుంటారు. "పాపం, తినండి" అంటే వద్దంటారు.

ఈ తొమ్మిదీ ఒక్కసారే చేయాల్సిన పని లేదు. ఈ వారం ఒక పూట వెళ్లి గమనించి రండి, ఒక్క మెట్టు సరిచేయండి. ఏ కాగితం ఎక్కడ పెట్టాలో తెలియకపోతే, పెద్దవారిని ఎవరైనా పస్తు పెడుతున్నారని తెలిస్తే, వయోవృద్ధుల కోసం ఉన్న జాతీయ హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయండి. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా, ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు మీ ఫోన్లోనూ, వాళ్ల గోడ మీద పెద్ద అంకెల్లోనూ ఇవాళే రాసిపెట్టండి.